ఇన్ఫినిటీని తెలుగులో ఏమనాలి? 'అనంతం' అంటే మా అమ్మకి వేరే అర్థమైంది

చిన్నూ_వాళ్ళమ్మ · శుక్రవారం, రాత్రి 10:12

చిన్న ప్రశ్నే గానీ మా ఇంట్లో వారం రోజులుగా నలుగుతోంది. మేం ఉండేది న్యూజెర్సీలో. మా వాడికి ఆరేళ్ళు. రోజూ పడుకునే ముందు "ఐ లవ్ యూ ఇన్ఫినిటీ" అంటాడు. వాళ్ళక్కకి తొమ్మిది. అది వెంటనే "ఐ లవ్ యూ ఇన్ఫినిటీ ప్లస్ వన్" అంటుంది. ఇక కొట్లాట.

మొన్న ఆదివారం ఇదే మాట అమ్మమ్మకి తెలుగులో చెప్పాలని వాడికి ముచ్చట పుట్టింది. తెలుగులో ఏమంటారని అడిగితే బడిలో చదువుకున్న మాటే చెప్పాను, అనంతం అని. వీడియో కాల్‌లో గట్టిగా "అమ్మమ్మా, నువ్వంటే నాకు అనంతం ఇష్టం" అన్నాడు. మా అమ్మ ఉండేది తణుకులో. ఒక్క క్షణం ఆగి, "అనంతమా? మన వీధి చివర అనంతం గారా? ఆయన పోయి మూడేళ్ళయిందిగా, వీడికెలా తెలుసే?" అంది.

నవ్వుకున్నాం సరే. కానీ ఆ రాత్రి కూర్చుని చూస్తే అనంతం, అపారం, అమితం, అపరిమితం, నిరవధికం, ఎల్లలు లేని, హద్దులేని, అంతులేని, దరిలేని... ఇన్ని ఉన్నాయి. వీటిలో తేడా ఏమిటి? ఆరేళ్ళవాడు అమ్మమ్మతో అంటే అతకనట్టు ఉండని మాట ఏది?

లెక్కల_మాస్టారు · శుక్రవారం, రాత్రి 10:50

అమ్మా, లెక్కల్లో అయితే అనంతమే, అందులో సందేహం లేదు. పడుకున్న ఎనిమిదిలా ఉండే ఆ గుర్తును 1655లో జాన్ వాలిస్ అనే ఇంగ్లండు గణితవేత్త వాడుకలోకి తెచ్చాడు.

మీ పిల్లల కొట్లాట మాత్రం చాలా పాతది. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు తన బీజగణితంలో, ఒక సంఖ్యను సున్నతో భాగిస్తే వచ్చేదానికి ఖహరం అని పేరు పెట్టాడు. దానికి ఎంత కలిపినా, ఎంత తీసినా మారదన్నాడు. ప్రళయంలో జీవులన్నీ వచ్చి చేరినా, సృష్టిలో మళ్ళీ బయటికి వెళ్ళినా అనంతుడైన అచ్యుతుడిలో మార్పు రానట్టే ఇదీనట. కాబట్టి ప్లస్ వన్ చెల్లదని మీ అమ్మాయికి చెప్పండి. ఎనిమిది వందల ఏళ్ళ కిందటే తీర్పు వచ్చేసింది.

డీఎస్సీ_ప్రిపరేషన్ · శుక్రవారం, రాత్రి 11:05

సర్, సున్నతో భాగహారం నిర్వచితం కాదు కదా? బిట్‌లో అలాగే వచ్చింది.

ఇంకో డౌట్. అనంతం ఏ సమాసం? నా మెటీరియల్‌లో నఞ్ తత్పురుష అని ఉంది.

లెక్కల_మాస్టారు · శుక్రవారం, రాత్రి 11:11

నిజమే, ఇవాళ్టి గణితంలో దాన్ని నిర్వచించరు. భాస్కరుడు అలా అన్నాడన్నానే గానీ మీరు పరీక్షలో అలా రాయమనలేదు నాయనా. సమాసాల సంగతి నాకు తెలియదు, పాతపుస్తకం గారు వస్తారు చూడండి.

పాతపుస్తకం · శనివారం, ఉదయం 6:20

వచ్చాను. సంస్కృతంలో 'న' అనే నిషేధం అచ్చు ముందు 'అన్' అవుతుంది, హల్లు ముందు 'అ' అవుతుంది. అందుకే అన్ + అంతం అనంతం, అ + పారం అపారం, అ + మితం అమితం. "అంతం కానిది" అనుకుంటే తత్పురుష. "దేనికి అంతం లేదో అది" అనుకుంటే బహువ్రీహి. అనంతానికి రెండోదే సరైన విగ్రహవాక్యం. అయినా డీఎస్సీ గారూ, మీరు కీలో ఏముంటే అదే పెట్టండి. ఉద్యోగం వచ్చాక వాదించుకుందాం.

అసలు ప్రశ్నకి వస్తాను. వీటన్నిటినీ 'చాలా' అనే అర్థంలో ఒకే గాటన కట్టేస్తున్నాం గానీ, ఒక్కో మాట ఒక్కో వస్తువు లేదంటోంది. అనంతానికి చివర లేదు. అమితానికి కొలత లేదు, ఎందుకంటే మితం అంటే కొలిచినది. నిరవధికానికి గడువు లేదు. అపారానికి అవతలి ఒడ్డు లేదు, పారం అంటే అదే. ఒక విద్యలో అవతలి ఒడ్డు చేరినవాడు పారంగతుడు. గ్రంథాన్ని ఆ చివరి దాకా చదివితే పారాయణం. ఈ రెండూ రోజూ వాడుతూ 'అపారం'లోని ఒడ్డుని మాత్రం మరిచిపోయాం.

ఏటిగట్టు · శనివారం, ఉదయం 7:45

పాతపుస్తకం గారూ, మేం మరిచిపోలేదండి.

మాది గోదావరి లంక. 1986 ఆగస్టు వరదకి నాకు పదకొండేళ్ళు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన వరద అది, ఇప్పటికీ దాన్ని దాటింది లేదు. ఇల్లు వదిలేసి ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద ఉన్నాం. మామూలు రోజుల్లో మా రేవులో నుంచుంటే అవతలి ఒడ్డున కొబ్బరిచెట్లు, గుడి, బట్టలుతికే వాళ్ళు కూడా కనపడతారు. ఆ పొద్దున లేచి చూస్తే ఎర్ర నీళ్ళు, ఆ నీళ్ళు వెళ్ళి మబ్బుకి తగిలాయి. ఒడ్డు లేదు. మా నాన్న "అవతల లేదురా" అన్నాడు, అంతే. తరవాత ఎన్నాళ్ళకో క్లాసులో అపారానికి అర్థం చెప్తుంటే నాకు ఆ పొద్దున్నే గుర్తొచ్చింది.

తెలుగులో 'దరి' కూడా ఒడ్డే, కానీ నాకు తేడా తెలుస్తుంది. గట్టు మీద నుంచుని చూసేవాడికి నది అపారం. పడవలో చిక్కుకుని ఎక్కడ దిగాలో తెలియనివాడికి అది దరిలేనిది. అపారాన్ని చూసి ఆశ్చర్యపోవచ్చు, దరిలేని దాంట్లో మాత్రం మునిగిపోతాం. అందుకే "అపారమైన జ్ఞానం" అంటారు గానీ "దరిలేని జ్ఞానం" అనరు. దుఃఖానికైతే దరిలేని అనే మాట ఇట్టే అతుకుతుంది.

చిన్నూ_వాళ్ళమ్మ · శనివారం, ఉదయం 8:02

ఏటిగట్టు గారూ, ఇది మా అమ్మకి చదివి వినిపించాను. ఆ వరదకి మా ఇంట్లో కూడా చుట్టాలు వచ్చి తలదాచుకున్నారట. ఇంతకాలం నాకు ఎవరూ చెప్పలేదు.

డెస్కు_రాత్రిడ్యూటీ · శనివారం, మధ్యాహ్నం 1:30

పేపర్లో సబ్ఎడిటర్ని. ఈ మాటలన్నీ రోజూ నా చేతుల మీదుగానే చస్తుంటాయి కాబట్టి కొంచెం చెప్తాను.

'అపార' నష్టానికి అంకితమైపోయింది. వాన పడితే అపార నష్టం, గాలి వీస్తే అపార నష్టం. ఒకసారి ఒక కంట్రిబ్యూటర్ "వరికి అపార నష్టం" అని హెడ్డింగ్ పెట్టి పంపాడు, కింద రెండో పేరాలో 14 ఎకరాలు అని ఉంది. ఆ రైతుకి అది నిజంగా అపారమే, కాదనను. కానీ ఎకరాలు లెక్కపెట్టి మరీ అపారం అంటే ఎలా? 'అపార' కొట్టేసి '14 ఎకరాల్లో నేలవాలిన వరి' అని పెట్టాను. చదవగానే పొలం కళ్ళ ముందుకొచ్చింది.

'అనంత' దాదాపు చావు వార్తల్లోకి వెళ్ళిపోయింది. ప్రాణాలు అనంతవాయువుల్లో కలుస్తాయి, పెద్దమనుషులు అనంతలోకాలకు వెళ్తారు. మీ అమ్మగారు అనంతం అనగానే పోయినాయన్ని తలుచుకున్నారంటే తప్పు ఆవిడది కాదేమో!

'అమిత' సున్నితమైన మాట. అమితంగా ఇష్టపడ్డాడంటే మంచిదే. అదే కొలతని దాటడాన్ని తెలుగులో 'మితిమీరి' అంటే తిట్టు. మితిమీరిన వేగం, మితిమీరిన జోక్యం. రెండిట్లోనూ ఉన్నది కొలతే, ఒకచోట లేదు, ఒకచోట దాటారు.

'నిరవధిక' అన్నిటికన్నా విచిత్రం. నిరవధిక సమ్మె అంటే ఎప్పటికీ సాగే సమ్మె అనుకుంటారు. ఎప్పుడు ముగుస్తుందో తేదీ చెప్పలేదని మాత్రమే దానర్థం. సోమవారం మొదలైన నిరవధిక సమ్మె మంగళవారం సాయంత్రానికి విరమించిన సందర్భాలు చూశాను. వార్త రెండు రోజులూ నేనే దిద్దాను. అప్పుడు కూడా "నిరవధిక సమ్మె విరమణ" అనే రాయాలి, వేరే దారి లేదు.

రీఛార్జ్_రాజు · శనివారం, మధ్యాహ్నం 1:48

'అపరిమిత'ని మరిచిపోయారు బ్రో. అపరిమిత డేటా, కింద చిన్న అక్షరాల్లో రోజుకు 2 జీబీ. నా దృష్టిలో తెలుగులో అతి చిన్న మాట ఇదే.

సీమ_కొండ · శనివారం, సాయంత్రం 5:15

అనంతం గురించి ఇంత మాట్లాడుతూ మా ఊరి ఊసే ఎత్తలేదేం? మాది అనంతపురం.

ఊరి పేరు అనంతసాగరం అనే చెరువు వల్ల వచ్చింది. అంతులేని సముద్రం అనేంత పేరు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడెయ ఆ ఊరినీ, పక్కన బుక్కరాయసముద్రాన్నీ కట్టించాడంటారు. అనంత అనేది బుక్కరాయల రాణి పేరని కొందరంటే, ఆ పేరుతో ఆయనకి రాణే లేదు, మంత్రి పూర్తి పేరులోనే 'అనంతరస' ఉంది, దాన్నుంచే వచ్చిందని ఇంకొందరు. అంటే చిన్నూ వాళ్ళ అమ్మమ్మగారి లాగే మా ఊళ్ళో కూడా అనంతం అనగానే ఒక మనిషిని వెతుక్కున్నారన్నమాట.

ఇక నీళ్ళ సంగతి. ఏడాదికి మాకు పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మాదొకటి. అలాంటి చోట ఒక ఊరి పేరులో సాగరం, పక్కూరి పేరులో సముద్రం. చిన్నప్పుడు ట్యాంకర్ దగ్గర బిందెల లైన్లో నుంచుని నేను ఈ పేర్ల గురించే ఆలోచించేవాణ్ణి. నాకు అనిపించేదేమిటంటే, ఇది ఎగతాళి కాదు. నీళ్ళు లేని సీమలో ఒక చెరువు నిండితే చూసినవాడికి అది సముద్రంలాగే కనపడుతుంది.

ఇంకో మాట. బుక్కరాయసముద్రం చెరువు కట్టని ముసలమ్మ కట్ట అంటారు. కట్ట తెగబోతుంటే ఊరికోసం ప్రాణమిచ్చిన కోడలి కథ మా వైపు అందరికీ తెలుసు. సముద్రం అని పేరు పెట్టుకున్నా భయమంతా కట్ట గురించే.

డెస్కు గారూ, మీ పేపర్లవాళ్ళు హెడ్డింగుల్లో జిల్లాని 'అనంత' అని కుదించేస్తారు. 'అనంత కష్టాలు' అని వేస్తే అవి మా జిల్లావో అంతులేనివో ఎవరికీ తెలియదు.

డెస్కు_రాత్రిడ్యూటీ · శనివారం, సాయంత్రం 5:32

తెలియకూడదనే వేస్తాం సార్. ఆ డెస్కులో రెండర్థాల హెడ్డింగ్‌కి శభాష్ అంటారు :)

గెట్టు_పంచాది · శనివారం, రాత్రి 8:10

సిద్దిపేట వైపు నుంచి. మీరంతా సంస్కృతమే మాట్లాడుతున్నరు, హద్దు సంగతి ఎవరూ ఎత్తలేదు. నా పని దస్తావేజులు రాసుడు, కాబట్టి ఇది నా ఇలాకా.

హద్దు అరబ్బీ మాట. ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చింది. 'సరిహద్దు' కూడా ఉర్దూ సర్‌హద్ నుంచే, అందులో 'సరి' తెలుగు సరి కాదు. మనోళ్ళు చెవికింపుగా సరి చేసుకున్నరు. పొలం దగ్గరైతే మేం గెట్టు అంటం, కోస్తా వాళ్ళు గట్టు అంటరు. గెట్టు పంచాది లేని ఊరు చూపిస్తే దండం పెడతా.

దస్తావేజులో ఆస్తి రాసినంక చెక్కుబందీ రాయాలె. తూర్పున ఎవరి భూమి, దక్షిణాన ఏ బాట, పడమర ఏ వాగు, ఉత్తరాన ఏముంది. నాలుగు దిక్కులూ మూసినంకనే అది భూమి అయితది. ఒకసారి ఒక ముసలాయన పాత కాగితం తెచ్చిండు, పడమర హద్దు దగ్గర 'అడవి' అని మాత్రమే ఉన్నది. ఇప్పుడు అక్కడ అడవి లేదు, ప్లాట్లు ఉన్నయి. ఆ దిక్కు ఎక్కడ ఆగాలె? నా దృష్టిలో హద్దులేనిది అంటే అదీ. అందంగా ఏం లేదు, రెండు కుటుంబాలు కోర్టుకెక్కినయి.

తేనెపట్టు · శనివారం, రాత్రి 8:40

హద్దు పరాయిదైతే అచ్చ తెలుగు 'ఎల్ల' ఉందిగా. నాకు భలే నచ్చే సంగతి ఏంటంటే, ఎల్ల అంటే సరిహద్దు, ఎల్ల అంటే 'అంతా' కూడా! ఎల్లరూ, ఎల్లప్పుడూ, ఎల్లకాలం. సరిహద్దు దాకా ఉన్నదంతా 'ఎల్ల' అన్నమాట. మన పూర్వీకుల తాత్వికత చూడండి.

పాతపుస్తకం · శనివారం, రాత్రి 9:05

వినడానికి బాగుంది గానీ ఒప్పుకోలేను. తమిళంలో సరిహద్దు 'ఎల్లై', అందరూ అన్నీ అనే అర్థంలోది 'ఎల్లాం'. రెండూ వేర్వేరు మాటలు. తెలుగులో అరిగి ఒకేలా వినిపిస్తున్నాయి, అంతే. అరిగిపోయిన రెండు రూపాయి బిళ్ళలు ఒకేలా ఉన్నాయని రెండూ ఒకే ఏడు అచ్చయ్యాయనలేం కదా.

తేనెపట్టు · శనివారం, రాత్రి 9:11

మరి ఎల్లమ్మ? ఊరి ఎల్లలో ఉండే అమ్మా, అందరి అమ్మా?

పాతపుస్తకం · శనివారం, రాత్రి 9:20

రెండు రకాలుగానూ చెప్తారు. ఆవిడనే అడగండి.

'మేర' చూడండి, అది ఇంకా రుచిగా ఉంటుంది. పొలిమేరలో ఉన్నది అదే. "కనుచూపు మేర" అన్నప్పుడు చూపు ఆగే గీత. అదే మాట ఆఫీసులోకి వచ్చి "ఆదేశాల మేరకు", "ఆ మేరకు" అయింది. సర్క్యులర్ రాసే గుమాస్తాకి తను ఊరి పొలిమేర గురించి రాస్తున్నానని తెలియదు పాపం.

లెక్కల_మాస్టారు · ఆదివారం, ఉదయం 9:00

రాత్రంతా ఇదే ఆలోచించాను. ఒకటి చెప్పాలి. హద్దు లేకపోవడం, అంతం లేకపోవడం ఒకటి కావు. మనం ఇక్కడ కలిపేస్తున్నాం.

గానుగెద్దుని చూడండి. పొద్దున్నించి నడుస్తుంది, దాని దారికి చివరంటూ లేదు. కానీ దారి పొడుగు నాలుగు బారలు. భూమి కూడా అంతే. ఎటు నడిచినా అంచు రాదు, గెట్టు పంచాది గారి చెక్కుబందీ ఎక్కడా తగలదు. అయినా వైశాల్యం కొలిచేశారు, సుమారు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. అంచు లేదు, పరిమితమే. ఇప్పుడు తిరగేయండి. స్కేలు మీద 0కీ 1కీ మధ్య జాగా తీసుకోండి. రెండు వైపులా గట్టి హద్దులు. లోపల ఎన్ని సంఖ్యలు? అనంతం. సగం, సగంలో సగం, అందులో సగం... మీ జీవితం అయిపోతుంది గానీ అవి అయిపోవు.

ఇంకా ఉంది. 1, 2, 3 అంటూ పోయే సంఖ్యలూ అనంతమే, ఆ 0–1 మధ్యవీ అనంతమే. కానీ రెండోది మొదటిదానికంటే పెద్దదని 1874లో జర్మనీలో కాంటర్ నిరూపించాడు. కాబట్టి చిన్నూ వాళ్ళక్కా, ప్లస్ వన్‌తో తమ్ముణ్ణి గెలవలేవు గానీ గెలిచే దారి ఉంది. పెద్దయ్యాక చదువుకో.

డీఎస్సీ_ప్రిపరేషన్ · ఆదివారం, ఉదయం 9:14

ఇది సిలబస్‌లో ఉందా సర్?

కుంచం_మానిక · ఆదివారం, ఉదయం 11:25

రెండు రోజుల నుంచి చదువుతున్నాను, ఇప్పుడే లాగిన్ అయ్యాను. మాది శ్రీకాకుళం జిల్లా. అందరూ 'లేదు' అనే మాటలే వెతుకుతున్నారు. అంతం లేదు, ఒడ్డు లేదు, హద్దు లేదు. మా మామ్మ ఇవేవీ అనేది కాదు. ఆవిడకి చాలా ఎక్కువ అని చెప్పాలంటే ఏదో ఒక గిన్నె కావాలి. గంపెడాశ. బండెడు చాకిరీ. పుట్టెడు దుఃఖం. ఆఖరికి 'బోలెడు' కూడా బోలె నిండా అనే. చిటికెడు, గుప్పెడు, దోసెడు ఉన్న వరసలోదే.

పుట్టి అంటే తెలుసా? ధాన్యం కొలత. తూముకి నాలుగు కుంచాలు, పుట్టికి 20 తూములు. దుఃఖం ఎంతంటే కచ్చితంగా 20 తూములు. దరిలేని దుఃఖం అన్న మాట నాకు పుస్తకంలో చదివినట్టు ఉంటుంది. పుట్టెడు దుఃఖం అంటే మాత్రం ఆ మనిషి నెత్తి మీద బరువు కనపడుతుంది. ఇంత ధాన్యం ఒక మనిషి మొయ్యలేడని పల్లెటూళ్ళో అందరికీ తెలుసు కదా, వేరే అనంతం ఎందుకు?

చిన్నూ వాళ్ళమ్మగారూ, బాబు చేత "గంపెడు ఇష్టం" అనిపించి చూడండి.

ఏటిగట్టు · ఆదివారం, ఉదయం 11:40

రెండు రోజులుగా మేమంతా ఒడ్డు కోసం ఈత కొడుతుంటే ఈవిడ కుంచంతో కొలిచేశారు.

చిన్నూ_వాళ్ళమ్మ · ఆదివారం, రాత్రి 9:35

అనిపించాను. రిపోర్టు ఇదిగో.

"అమ్మమ్మా, నువ్వంటే నాకు గంపెడు ఇష్టం" అన్నాడు. ఈసారి అమ్మకి ఒక్కసారికే అర్థమైంది. తెగ సంబరపడిపోయి, "గంపంటే ఏంటో తెలుసురా నీకు?" అంది. తెలీదన్నాడు. ఫోన్ పట్టుకునే పెరట్లోకి వెళ్ళింది, మాకు కాసేపు ఆకాశం, గోడ, ఆవిడ చెప్పులు కనపడ్డాయి. కోళ్ళని కమ్మే గంప తెచ్చి కెమెరా ముందు పెట్టి, "ఇదిగో, ఇంత" అంది.

మావాడు దాన్ని అటూ ఇటూ చూసి, "అంతేనా?" అన్నాడు.

వాళ్ళక్క వెంటనే అందుకుని, నాకు పుట్టెడు ఇష్టం అంది. మధ్యాహ్నం నేను ఇక్కడ చదువుతుంటే పక్కనుంచి చూసిందన్నమాట. అమ్మ "అదేం మాటే, పుట్టెడు దుఃఖం అంటారు గానీ ఇష్టం అనరు" అంది. అది ఒప్పుకోవడం లేదు, 20 తూములు గంప కంటే పెద్దదే కదా అంటోంది. పుట్టెడు ఇష్టం అనకూడదా అండీ?

పాతపుస్తకం · ఆదివారం, రాత్రి 10:02

నేను ఎక్కడా చదవలేదు, వినలేదు. వ్యాకరణం మాత్రం అడ్డు చెప్పదు. అననివ్వండి.

గెట్టు_పంచాది · ఆదివారం, రాత్రి 10:20

తమ్ముడి సంగతేంది మరి? గంపతోనే ఆగిండా?

చిన్నూ_వాళ్ళమ్మ · ఆదివారం, రాత్రి 10:24

లేదు, ఎన్ని గంపలైతే ఒక పుట్టి అవుతుందో లెక్కల మాస్టారుని అడగమంటున్నాడు.